పీహెచ్‌పీని నిద్రలేపని నేర్పు

అండమాన్‌లో వెబ్ పేజీ తెరవడమంటే 2020 దాకా చాలావరకు ఆకాశానికి వెళ్లి రావడమే. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా ప్రశ్న వెళ్లి జవాబు రావాలంటే, కాంతి వేగంతో లెక్కేసినా అర సెకను పడుతుంది. కనెక్షన్ కుదరడానికి ఒక రాకపోక, టీఎల్‌ఎస్ 1.2 పద్ధతిలో గోప్యత ఏర్పడడానికి రెండు, పేజీ అడగడానికి ఇంకొకటి. మొదటి అక్షరం రాకముందే రెండు సెకన్లు. ఆపైన సర్వర్ కూడా తాత్సారం చేస్తే చదివేవాడు లేచి వెళ్లిపోతాడు. సర్వర్ కాన్ఫిగరేషన్‌లోని పనితనం విలువ అప్పట్లో పోర్ట్ బ్లెయిర్‌లో తెలిసినంతగా హైదరాబాద్‌లో తెలిసేది కాదు.

వర్డ్‌ప్రెస్ అయినా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ అయినా పీహెచ్‌పీ భాషలో రాసినవే. పీహెచ్‌పీ పేజీని అప్పటికప్పుడు తయారు చేస్తుంది: డేటాబేస్‌ను అడుగుతుంది, అచ్చు పోస్తుంది, పంపుతుంది. పాత అపాచీ వెబ్ సర్వర్ పద్ధతిలో చిన్న బొమ్మను అందించే ప్రాసెస్ కూడా పీహెచ్‌పీ బరువంతా మోసేది. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో పీహెచ్‌పీ ఊసే లేదు. ఆ పని పక్కనున్న పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే వేరే ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. ఎఫ్‌పీఎం 2010లో, 5.3.3 వెర్షన్‌తో పీహెచ్‌పీలోనే భాగమైంది. ఈ వేరు కాపురమే నేర్పుకు పునాది. ఏ అభ్యర్థనకు పీహెచ్‌పీని లేపాలి, దేనికి లేపకూడదు అన్న నిర్ణయం కాన్ఫిగరేషన్ రాసేవారి చేతికి వచ్చింది.

ఆ నిర్ణయం ‘ట్రై ఫైల్స్’ అనే ఒక్క వరుసలో ఇముడుతుంది. అడిగిన పేరుతో ఫైలుందా? ఇచ్చెయ్. ఫోల్డరుందా? చూడు. రెండూ లేకపోతేనే ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీకి అప్పగించు. బొమ్మలు, ఫాంట్లు, స్టైల్ షీట్లు పీహెచ్‌పీ గడప తొక్కకుండానే వెళ్లిపోతాయి. చదవడానికి ఇంపైన చిరునామాలు పనిచేసేదీ ఈ వరుస వల్లనే.

మంచి పనివాడి చేయి అసలు తెలిసేది దాని కింద, డాట్ పీహెచ్‌పీతో ముగిసే చిరునామాల భాగంలో. ఎవరో ఫొటో పేరుతో ఒక ఫైలు ఎక్కించి, అందులో పీహెచ్‌పీ కోడ్ దాచి, ఆ చిరునామా చివర లేని ఫైలు పేరొకటి తగిలించి అడిగారనుకోండి. ముగింపు చూసి ఇంజిన్‌ఎక్స్ నమ్ముతుంది. పాత పీహెచ్‌పీ ఆ ఫైలు దొరక్క, దారిలో వెనక్కి నడిచి ఫొటోనే నడిపేసేది. 2010లో బయటపడ్డ ఈ కంతను పూడ్చడానికి ఒక్క వరుస చాలు: ఫైలు నిజంగా ఉంటేనే అప్పగించు, లేకపోతే 404 (దొరకలేదు) అని చెప్పు. అది అన్ని సర్వర్లలోనూ ఉండదు. ఉన్నచోట రాసినవారు ఆకతాయి బుర్రతో కూడా ఆలోచించారని అర్థం.

తర్వాత లెక్క. ఎఫ్‌పీఎంలో ఎంతమంది పనివాళ్లు, అంటే ప్రాసెస్‌లు, ఉండాలి? నాలుగు జీబీ మెమరీలో డేటాబేస్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ రెండు వదిలి, మిగిలిన రెండింటిని ఒక్కో ప్రాసెస్ తినే మెమరీతో భాగించాలి. యాభై ఎంబీ చొప్పున నలభై మంది. ధారాళంగా వంద అని రాస్తే రద్దీ రోజున మెమరీ చాలక సర్వర్ డిస్కు మీద పాకుతుంది. ఐదని రాస్తే క్యూ పెరుగుతుంది. కొలిచి రాసిన అంకెకూ, ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన అంకెకూ తేడా ఆ రోజున బయటపడుతుంది.

2011 జనగణనలో అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది తెలుగును మాతృభాషగా చెప్పారు. వారు చదివే తెలుగు పేజీకి ఇంకో బరువుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. ‘శ్రీ’ రాయడానికే పన్నెండు. గుర్తులన్నీ ఒకే కుదురులోవి కాబట్టి జీజిప్ అనే కుదింపు పద్ధతి వాటిని బాగా నొక్కేస్తుంది. అయితే ఇంజిన్‌ఎక్స్‌లో జీజిప్ ఆన్ చేసి ఊరుకుంటే హెచ్‌టీఎంఎల్ ఒక్కటే కుదించుకుంటుంది. స్టైల్ షీట్లనూ, స్క్రిప్టులనూ, జేసన్‌నూ పేరుపేరునా చేర్చాలి.

అన్నిటికన్నా ముచ్చటైనది ఇంజిన్‌ఎక్స్‌లోని ఫాస్ట్‌సీజీఐ క్యాష్. ఒకరి కోసం తయారైన పేజీని దాచి, తర్వాత వచ్చినవారికి పీహెచ్‌పీతో పనిలేకుండా అదే ఇస్తుంది. లాగిన్ అయినవారి కుకీ కనబడితే మాత్రం క్యాష్ పక్కకు తప్పుకోవాలి. లేకపోతే ఒకరి పేజీ ఇంకొకరికి కనబడే ప్రమాదం. పీహెచ్‌పీ కూలినా పాత పేజీ ఇమ్మని చెప్పే ‘యూజ్ స్టేల్’ వరుస కూడా రాస్తే, లోపల మరమ్మతు జరుగుతున్న సంగతి పాఠకుడికి తెలియనే తెలియదు. మార్పులు చేశాక ముందు పరీక్షించి, ఆపైన రీలోడ్ ఇస్తే పాత వర్కర్లు చేతిలో పని ముగించుకునే తప్పుకుంటారు. ఎవరి కనెక్షనూ మధ్యలో తెగదు.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, అక్కడినుంచి మరో ఏడు దీవులకూ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, అంత దూరమూ వెళ్లి వచ్చినా 23 మిల్లీసెకన్లే. దూరం చేసే ఆలస్యం ఇరవయ్యో వంతుకు పడిపోయింది. పీహెచ్‌పీ ఒక పేజీ వండడానికి అంతకన్నా ఎక్కువసేపు తీసుకోవడం మామూలే. కేబుల్ అందిన దీవుల్లో పేజీ నెమ్మదిగా తెరుచుకుంటే ముందుగా చూడవలసింది ఆ కాన్ఫిగరేషన్ ఫైలునే.