ఆగమంటే ఆగని కంప్యూటర్

"సిస్టమ్ షట్‌డౌన్ కావట్లేదండీ" అని తీసుకెళ్తే చాలా రిపేరు షాపుల్లో వినిపించే మొదటి మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." ఆ మాటలో మోసమేమీ లేదు. విండోస్ మళ్ళీ వేశాక యంత్రం బుద్ధిగానే ఆగుతుంది. పాత ప్రింటరు డ్రైవరో, యాంటీవైరస్సో మళ్ళీ ఎక్కించగానే కథ మొదటికొస్తుంది. ఈలోగా డెస్క్‌టాప్ మీది పత్రాలు, ట్యాలీ లెక్కలు, పిల్లల ఫోటోలు పోతే పోయినట్టే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడం అంటే ఇదే. అంత చేసినా ఎలుక ఎటునుంచి వచ్చిందో తెలియదు.

ఈ తొందరకు లొంగని పనివాళ్ళూ ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి పెద్ద మార్కెట్లలోనూ, చిన్న ఊళ్ళలో జిరాక్స్ సెంటర్ పక్క గదిలోనూ కనిపిస్తారు. స్క్రూడ్రైవరు పట్టేముందు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. వాళ్ళది కంప్యూటర్ల కంటే పాత విద్య. రేడియో మెకానిక్కులు వాడిన పద్ధతే ఇది. మూగబోయిన రేడియో వస్తే మొదట వాల్యూమ్ కంట్రోల్ దగ్గర వేలు ఆనించేవారు. స్పీకర్లో గుర్రుమని శబ్దం వస్తే వెనక సగం బాగున్నట్టు, లోపం ముందు సగంలో ఉన్నట్టు. ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయేది. చూడటం, విడదీయడం, ఒకసారికి ఒక్కటే మార్చడం, రాసిపెట్టుకోవడం అనే నాలుగు అలవాట్లతో నడిచే ఈ విద్యకు షట్‌డౌన్ సమస్య చక్కటి పరీక్ష. ఇంట్లో ఎవరైనా నేర్చుకోగలిగినది కూడా.

స్విచ్ పోయి విన్నపం వచ్చింది

విండోస్ 95 రోజులు గుర్తున్నవారికి ఆ నల్లటి తెర మీది నారింజ రంగు అక్షరాలు గుర్తుండే ఉంటాయి. ఇక మీరు కంప్యూటర్ ఆపుకోవచ్చని అవి చెప్పేవి. అప్పుడు మనిషి స్విచ్ నొక్కితే కరెంటు తెగేది. ఆపే పనిలో చివరి మెట్టు మన చేతిలోనే ఉండేది.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి దీన్ని మార్చింది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ పవర్ సప్లై మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. ముందున్న బటన్ ఇక తీగను తెంచదు, ఆపమని విన్నవించుకుంటుంది అంతే. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ ప్రమాణాన్ని ప్రకటించాయి. అప్పటి నుంచి యంత్రాన్ని పూర్తిగా ఆపే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్ళిన పని కనుక చెడిపోయే అవకాశమూ వచ్చింది. విండోస్ 98 సెకండ్ ఎడిషన్ ఈ విషయంలో ఎంత పేరు మోసిందంటే, కేవలం షట్‌డౌన్ చిక్కుల కోసమే మైక్రోసాఫ్ట్ ఒక ప్రత్యేక సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు షట్‌డౌన్ నొక్కాక లోపల జరిగేది ఇదీ. మొదట విండోస్ తెరిచి ఉన్న ప్రతి ప్రోగ్రామునూ "ముగించమంటావా?" అని అడుగుతుంది. దాదాపు అయిదు సెకన్లలో జవాబు రాకపోతే, ఫలానా యాప్ అడ్డుపడుతోందని తెర మీద చూపిస్తుంది. తర్వాత కంటికి కనిపించకుండా నడిచే సర్వీసులు ఆగాలి. మెమరీలో మిగిలిన సమాచారం డిస్కు మీదికి చేరాలి. డ్రైవర్లు తమ తమ పరికరాలను నిద్రపుచ్చాలి. ఆఖరున మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, అంటే బయోస్, పవర్ సప్లైకి సెలవివ్వాలి. ఈ మెట్లలో ఎక్కడ కాలు జారిందో కనిపెట్టడమే రోగనిర్ధారణ.

ఒకే ఫిర్యాదు, నాలుగు లోపాలు

షట్‌డౌన్ కావట్లేదు అనే మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు లోపాలు ఉంటాయి. అందుకే చేయి తిరిగిన పనివాళ్ళు ముందు ఏం కనిపించిందో అడుగుతారు.

తెర మీద "షటింగ్ డౌన్" అని చక్రం తిరుగుతూనే ఉంటే, లోపం ప్రోగ్రాముల్లోనో సర్వీసుల్లోనో డ్రైవర్లలోనో ఉంది. తెర ఆరిపోయి ఫ్యాను మాత్రం తిరుగుతుంటే అనుమానం చివరి మెట్ల మీదికి, అంటే డ్రైవర్లు, బయోస్, పవర్ సప్లై మీదికి వెళ్ళాలి. ఆగీ ఆగగానే తనంతట తనే మళ్ళీ లేస్తుంటే రెండు దారులున్నాయి. నెట్‌వర్క్ కార్డో, మౌసో, కీబోర్డో దాన్ని లేపుతూ ఉండవచ్చు. లేదా ఆగేటప్పుడు విండోస్ క్రాష్ అవుతూ ఉండవచ్చు. క్రాషైతే వెంటనే రీస్టార్టవమని విండోస్‌లో ముందే రాసి ఉంటుంది. ఆ నీలి తెర కంటికి ఆనకముందే పోతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద, స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేస్తే తెర నిలుస్తుంది, తప్పు పేరు చదవొచ్చు. డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని ఉంటే ఏదో ఒక పరికరం డ్రైవరు నిద్రపోనంటోందని అర్థం.

నాలుగోది అసలు లోపమే కాదు. కంప్యూటర్ ఆగినా మౌస్ కింద ఎర్ర లైటు వెలుగుతూనే ఉందని కంగారుపడేవారు ఉన్నారు. అది ఆ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు పనే. నచ్చకపోతే చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో ఈఆర్‌పీ అనే అమరిక ఆన్ చేస్తే పోతుంది.

అప్‌డేట్ల సంగతి వేరు. అప్‌డేట్ జరుగుతుండగా చక్రం చాలాసేపు తిరగడం సహజం. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడమే పని.

సగం నిద్ర

2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ గురించి తెలియనివారు ఈ సమస్యలో దారి తప్పుతారు. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజానికి పూర్తి షట్‌డౌన్ కాదు. మన ప్రోగ్రాములు, లాగిన్ మాత్రమే ముగుస్తాయి. విండోస్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను, నడుస్తున్న సర్వీసులను ఉన్నవి ఉన్నట్టు డిస్కులోని హైబర్‌ఫిల్ అనే ఫైలులో దాచి యంత్రం ఆగుతుంది. మర్నాడు దాన్నే తిరిగి లేపుతుంది. అందుకే త్వరగా తెరుచుకుంటుంది. అందుకే నిన్నటి తప్పు ఇవాళ కూడా వెంట వస్తుంది.

రోజూ ఆపుతున్నా టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ పన్నెండు రోజులని కనిపిస్తే కారణం ఇదే. రీస్టార్ట్ మాత్రం ప్రతిసారీ కెర్నెల్‌ను పూర్తిగా ముగించి కొత్తగా మొదలుపెడుతుంది. రీస్టార్ట్ చేస్తే బాగుపడి, షట్‌డౌన్ చేసి తెరిస్తే బాగుపడని చిక్కులకు ఈ తేడాయే మూలం. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఎంచుకుంటే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. అలా సవ్యంగా ఆగితే అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీదే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట దాని టిక్కు తీసేయొచ్చు. పక్కనే లినక్స్ కూడా వేసుకున్నవారు దీన్ని తీసేయడమే మంచిది. విండోస్ సగం నిద్రలో ఉన్నప్పుడు దాని డిస్కు మీద ఇంకొకరు రాయడం ప్రమాదం.

యంత్రం రాసుకునే దినచర్య

విండోస్ తన రాకపోకలన్నీ రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిస్తే చాలు. అక్కడ వేల పంక్తులు చూసి బెదిరిపోనక్కర్లేదు, నాలుగు సంఖ్యలు గుర్తుంటే సరిపోతుంది. 1074 అంటే షట్‌డౌన్ ఎవరు కోరారో, ఏ ప్రోగ్రాము కోరిందో. 6006 అంటే లాగ్ రాసే సర్వీసు సవ్యంగా ఆగింది. 6008 అంటే క్రితంసారి అనుకోకుండా ఆగిపోయింది. 41 అంటే సరిగ్గా ఆగకుండానే మళ్ళీ లేచింది.

వీటి వరుసలోనే కథ ఉంటుంది. 1074, 6006 రెండూ ఉండి తర్వాత 41 కనిపిస్తే, సర్వీసుల మెట్టు దాటాక డ్రైవర్ల దగ్గరో ఆపైనో నిలిచిపోయిందని అనుమానించాలి. 6006 లేకపోతే అంతకు ముందే ఇరుక్కుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు మాత్రం సర్వీసులు ఆగవు కనుక మామూలు షట్‌డౌన్‌కూ 6006 రాదు. అందుకే దాన్ని తీసేశాకే లాగ్ చదవడం పద్ధతి. 41 ఒక్కటే చూసి పవర్ సప్లై కొనేయడం కూడా తొందరే. బటన్ నొక్కి పట్టుకుని ఆపినా, కరెంటు పోయినా అదే సంఖ్య పడుతుంది.

లినక్స్ మరింత ముక్కుసూటి. ఏ సర్వీసు ఆగకుండా మొరాయిస్తోందో తెర మీదే పేరుతో చూపి, సాధారణంగా 90 సెకన్లు ఆగి, ఆపై బలవంతంగా ముగిస్తుంది.

సగానికి సగం

ఇక విడదీయడం. ముందు బయటివి తీయాలి. ప్రింటరు, వెబ్‌క్యామ్, ఎక్స్‌టర్నల్ డిస్కు, డాంగిల్ అన్నీ పీకేసి కీబోర్డు, మౌసులతో మాత్రమే ఆపి చూడాలి. ఆగిందంటే ఒక్కొక్కటే తగిలించుకుంటూ రావాలి. ఆగకపోతే సేఫ్ మోడ్‌లో తెరిచి ఆపాలి. అక్కడ కనీస డ్రైవర్లే ఉంటాయి కనుక, సేఫ్ మోడ్‌లో ఆగి మామూలుగా ఆగకపోతే దొంగ మనం ఎక్కించుకున్న వాటిలోనే ఉన్నాడు.

అప్పుడు రేడియో మెకానిక్ ఎత్తు వేయాలి. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, సర్వీసుల జాబితాలో మైక్రోసాఫ్ట్‌వి దాచమని టిక్కు పెట్టి, మిగిలినవన్నీ ఆపాలి. ఆ టిక్కు మరిస్తే విండోస్‌కు కావలసినవే ఆగిపోతాయి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ప్రోగ్రాములనూ ఆపి రీస్టార్ట్ చేయాలి. ఇప్పుడు షట్‌డౌన్ బాగుంటే సగం సర్వీసులను తిరిగి వేయాలి. లోపం మళ్ళీ వస్తే ఆ సగంలో ఉంది, రాకపోతే రెండో సగంలో. 32 సర్వీసులున్నా అయిదు దఫాల్లో ఒక్కటి మిగులుతుంది. ఒక్కొక్కటే పరీక్షిస్తే 31 సార్లు ఆపి తెరవాల్సి రావచ్చు. ఈ లెక్కే ఈ విద్యకు ఆయువుపట్టు.

తనంతట తనే లేచే యంత్రానికైతే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు, మౌసు, కీబోర్డుల పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ చూడాలి. కంప్యూటర్‌ను లేపే అనుమతి ఒక్కొక్కదానికే తీసేసి పరీక్షించాలి. బయోస్‌లో వేక్ ఆన్ ల్యాన్ కూడా ఇలాగే.

కాగితం, పెన్ను, ఓపిక

డేవిడ్ అగాన్స్ అనే ఇంజనీరు 2002లో డీబగ్గింగ్ మీద రాసిన పుస్తకంలో ఈ విద్యను తొమ్మిది సూత్రాలుగా కూర్చాడు. చేసిన ప్రతి మార్పునూ రాసుకోవడం వాటిలో ఒకటి. ఒకసారికి ఒక్కటే మార్చడం మరొకటి. డ్రైవరు మార్చి, బయోస్ అమరిక మార్చి, యాంటీవైరస్ తీసేశాక బాగుపడితే దేనివల్ల బాగుపడిందో చెప్పలేం. బాగైందనుకున్నాక ఆ అనుమానితుణ్ణి మళ్ళీ పెట్టి లోపం తిరిగొస్తుందో లేదో చూడటం కూడా పనిలో భాగమే. తిరిగొస్తేనే కారణం దొరికినట్టు. లేకపోతే యాదృచ్ఛికంగా సర్దుకుందని మాత్రమే.

ఈలోగా యంత్రం మొరాయిస్తే పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోక తప్పదు. అత్యవసరానికి ఫరవాలేదు, అలవాటు చేసుకోకూడదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ తన ఫైళ్ళ అమరికను జర్నల్ సాయంతో కాపాడుకుంటుంది గానీ, సేవ్ చేయని పత్రాన్ని కాపాడదు. మామూలు పెన్‌డ్రైవులకు ఆ జర్నల్ రక్షణ కూడా లేదు. ఏ ప్రయోగానికైనా ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరే డిస్కుకు కాపీ చేసుకోవాలి.

ఇంత శ్రమ ఒక షట్‌డౌన్ బటన్ కోసమా అని అడగవచ్చు. ఫార్మాట్ చేస్తే ఆ పూట గడుస్తుంది. కారణం తెలిస్తే ఆ సమస్య పోతుంది, పాత కంప్యూటర్‌కు ఆయుష్షు పెరుగుతుంది, వచ్చేసారి ఇంటర్నెట్టో ప్రింటరో మొండికేసినప్పుడు కూడా ఇదే దారి పనికొస్తుంది. అన్నింటికంటే, మన యంత్రం గురించి ఇంకొకరు చెప్పింది నమ్మాలా వద్దా అన్నది మనమే తేల్చుకోగలుగుతాం.

కనుక ఎవరైనా ఫార్మాట్ చేద్దామంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "లోపం ఎక్కడుందో తేల్చారా?" జవాబు లేకపోతే కంప్యూటర్ ఇంటికి తెచ్చుకుని, ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని, మొదట ప్రింటరు వైరు పీకి షట్‌డౌన్ నొక్కండి.