విడిచిపెట్టే మేకయా, బలిపశువా?

బర్కత్‌పుర నుండి అశోక్‌నగర్ వైపు నడిచిన వారికి పోటీ పరీక్షల శిక్షణా కేంద్రములు, పుస్తకాల దుకాణములు వరుసగా కనబడతాయి. చిక్కడపల్లి గ్రంథాలయములో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువకులలో మన సంఘముల బిడ్డలు కూడా ఉన్నారు. వారు కంఠస్థము చేసే వాటిలో ఆంగ్ల జాతీయముల పట్టిక ఒకటి. ఒకవైపు జాతీయము, ఎదురుగా దాని అర్థము. అది ఎక్కడ పుట్టినదో పట్టిక చెప్పదు. పరీక్షకు అంతమాత్రము చాలును గాని ప్రసంగ వేదికకు చాలదు.

ఆ జాతీయములలో అనేకము మన బైబిలులోనివే. ‘రైటింగ్ ఆన్ ద వాల్’ దానియేలు 5వ అధ్యాయము నుండి, ‘డ్రాప్ ఇన్ ద బకెట్’ యెషయా 40:15 నుండి వచ్చినవి. ‘యాపిల్ ఆఫ్ ద ఐ’ అని ఆంగ్లేయులు అనే చోట (ద్వితీ. 32:10) హెబ్రీ పదమునకు ‘కంటిలోని చిన్న మనిషి’ అని భావము చెబుతారు. మన ‘కనుపాప’ దానికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి! అక్కడ తెలుగు మనలను మూలమునకు చేర్చుచున్నది.

అయితే ‘స్కేప్‌గోట్’ విషయములో మనము దారి తప్పుచున్నాము. ఈ మాటను కల్పించినవాడు విలియం టిండేల్. 1530లో ముద్రింపబడిన తన పంచకాండముల అనువాదములో, లేవీయకాండము 16వ అధ్యాయములోని ‘అజాజేలు’ అనే హెబ్రీ మాటను ‘వెళ్లిపోయే మేక’గా గ్రహించి ఆయన ఈ పదము కూర్చెను. అజాజేలు ఒక స్థలమా, ఒక దురాత్మ పేరా అని పండితులు నేటికీ వాదించుచున్నారు. మన తెలుగు బైబిలు మాత్రము టిండేల్ భావమునకు దగ్గరగా ‘విడిచిపెట్టే మేక’ అన్నది.

పట్టికలోనేమో ‘స్కేప్‌గోట్’ ఎదుట ‘బలిపశువు’ అని ఉంటుంది. వార్తాపత్రికల వాడుక కూడా ఇదే. ఇది సరికాదు. ప్రాయశ్చిత్త దినమున రెండు మేకలుండెను. వధింపబడినది మొదటిది, దాని రక్తమే అడ్డతెర లోపలికి తేబడెను. రెండవది సజీవముగా అరణ్యమునకు పంపబడెను. తరువాతి కాలములో దానిని కొండచరియ నుండి పడద్రోసేవారని మిష్నా చెప్పుచున్నది గాని, లేవీయకాండములో అట్టి ఆజ్ఞ లేదు. రెండు మేకలు కలిసి ఒక్క పాపపరిహారార్థబలి (16:5). రక్తముచేత శుద్ధి ఒకటి, పాపమును దూరముగా మోసికొనిపోవుట రెండవది. రెంటినీ ‘బలిపశువు’ అంటే ఈ రెండవ సత్యము మరుగున పడును.

అంతకన్న పెద్ద ప్రమాదము వేరొకటి ఉన్నది. నేటి వాడుకలో స్కేప్‌గోట్ అంటే ఇతరుల తప్పు తన నెత్తిన పడిన అమాయకుడు. తప్పు చేసినవారు అక్కడ తమ దోషమును దాచుకొందురు. లేవీయకాండములో అలా కాదు. ప్రధానయాజకుడు తన రెండు చేతులను మేక తలమీద ఉంచి, ప్రజల దోషములన్నిటిని నోటితో ఒప్పుకొనవలెను (16:21). లోకము నిందను మోపి పాపమును కప్పిపుచ్చును. ధర్మశాస్త్రము పాపమును ఒప్పుకొన్న తరువాతనే మేకను పంపించును.

నేనును ఈ పొరపాటు చేసినవాడనే. ఒక శుభ శుక్రవారమున, యేసును లోకము స్కేప్‌గోట్‌ను చేసినదని ఉద్రేకముతో ప్రసంగించితిని. విన్నవారు పిలాతును, కయపను నిందించుచు ఇండ్లకు వెళ్లిరి. ఎవరును తమ పాపమును తలంచుకొనలేదు. తప్పు వారిది కాదు. చేతులుంచి ఒప్పుకొనే వచనమును విడిచి, పట్టికలోని అర్థమును వారికి అందించిన నాదే.

ప్రియ సహోదరులారా, జాతీయములు వాడవద్దని నా మాట కాదు. వేదికమీద ఒకటి పలుకక ముందు అది పుట్టిన అధ్యాయమును తెరచి చదువుడి. మన యువకులు పరీక్షలో ‘బలిపశువు’ అని వ్రాసి మార్కులు తెచ్చుకొనవచ్చును. ఆదివారమున వారికి రెండవ మేకను చూపించవలసిన బాధ్యత మాత్రము మనదే.