గొత్తిల్లా సార్

పోయిన మంగళవారం పీణ్య రెండో స్టేజీలో, ఫ్యాక్టరీల టిఫిను వేళ కిటకిటలాడే ఒక హోటల్లో, ప్లేట్లు తీసే కుర్రాడి జవాబు విని నాకు వాణ్ని ముద్దాడాలనిపించింది. "చట్నీకి కడ్లేకాయి హాకిదారా?" అని అడిగాను. "గొత్తిల్లా సార్" అన్నాడు. తెలీదు సార్! ఇరవై ఏళ్లుగా బెంగళూరు హోటళ్లలో ఇదే ప్రశ్న వేస్తున్నాను. నోరు తెరిచేలోపే "ఇల్లా సార్" అని పడేస్తారు. వాళ్ల దృష్టిలో అది మర్యాద. గిరాకీ అడిగితే లేదన్నట్టు చెప్పడమే మంచిదని వాళ్ల లెక్క.

కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. మా రెండోవాడికి చెనిక్కాయ పడదు. పడదంటే దురద, దద్దుర్లతో పోయేది కాదు, గొంతు మూసుకుపోతుంది. మూడేళ్లప్పుడు అనంతపురంలో మా అమ్మ ముద్దలో ఊరిబిండి అద్ది పెట్టినరోజు బయటపడింది. "చెనిక్కాయ తిననోడు మన సీమలో ఎట్ల బతుకుతాడురా?" అని ఆమె చాన్నాళ్లు ఏడ్చింది. ఆమె ఏడుపులో అర్థముంది. చెనిక్కాయే మా జిల్లాకు పంట, పొడి, నూనె, చట్నీ, పెండ్లికి అప్పు.

అడగడం సులువనుకునేవాళ్లు ఒకసారి పీణ్యలో అడిగి చూడండి. నాకు చెనిక్కాయ, గుంటూరు ఫిట్టరుకు వేరుశనగ, వరంగల్లు వెల్డరుకు పల్లీ. కన్నడంలో కడ్లేకాయి, హుబ్బళ్లి వాళ్లకు శేంగా. సగం పలికి 'కడ్లే' అన్నామా, అది శనగ. 'హురిగడ్లే' అంటే మన పుట్నాల పప్పు, అది మావాడికి నిక్షేపంగా పడుతుంది. కాబట్టి 'కడ్లే ఇదె' అనే జవాబుతో ఆకలితో లేచి వచ్చిన రోజులున్నాయి, 'కడ్లే ఇల్లా' అనే జవాబుతో ప్రాణం మీదికి తెచ్చుకోబోయిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు వంటింట్లో, బల్లల దగ్గర ఒడిశా పిల్లలు. వాళ్లకు బాదామంటే చెనిక్కాయే! మనం జీడిపప్పు పక్కన పెట్టుకునే బాదం కాదు. మంగళవారం కుర్రాడూ అంతే. నేను జేబులోంచి ఫోను తీసి బొమ్మ చూపిస్తే "ఓ, బాదామ్!" అన్నాడు. "భట్రన్న కేళ్కొండ్ బర్తీని" అని వంటాయన్ని అడగడానికి లోపలికి పోయాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట కొత్త కాదు. 1983లో జయనగర్‌లో కెఫే దర్శిని మొదలైనప్పటి నుంచి ఈ ఊరికి అలవాటైన నిలబడి తినే హోటలు మీద నాకున్న ప్రేమ తెలిసిందే. పొయ్యి కళ్లెదుట ఉంటుంది, ఎవరు ఏం వేస్తున్నారో కనిపిస్తుంది. మాల్‌లో పెద్ద హోటళ్ల మెనూ మీద చీమ తలకాయంత గుర్తులుంటాయి. పది చోట్ల, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో అలర్జీ సంగతులు చెప్పి తీరాలని 2022 జులై నుంచి ఆహార భద్రతా సంస్థ నియమం. ఆ జాబితాలో గోధుమ, పాలు, గుడ్డు, చేప, రొయ్య, సోయా, వేరుశనగ ఉన్నాయి. నువ్వులు లేవు! ఒక్క కొట్టున్న భట్రుకు ఆ నియమమే లేదు. అయినా నాకు కాగితం కంటే తెలిసిన మొహం మీదే నమ్మకం. ఈ వారం కూడా అదే రాద్దామని కూర్చున్నాను.

కూర్చున్నాక మా ఫ్యాక్టరీ పక్క హోటలు గుర్తొచ్చింది, పేరు వద్దు. నాలుగేళ్లు అక్కడే తిన్నాం. వాళ్లకు మావాడి సంగతి తెలుసు, భట్రు మా ఇంటికి పండక్కి వచ్చినవాడు. అడగడం ఎప్పుడో మానేశాం. ఒక పొద్దున భట్రు ఊరికి పోయాడు. ఆ నెల కొబ్బరి పిరమైంది. కొత్తాయన చట్నీ చిక్కబడ్డానికి నాలుగు గుప్పెళ్లు వేయించిన చెనిక్కాయలు వేశాడు. వేయిస్తే ఆ దోషం పోయేది కాదు. మావాడు రెండు తుంటల దోసె తిని "నాయనా, గొంతు పట్టేస్తాంది" అన్నాడు. చొక్కా జేబులో అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి ఎప్పుడూ ఉంటాయి. డాక్టరు నేర్పినట్టు తొడ పక్కన పొడిచాను. మైక్రాన్లు కొలిచే టూల్‌రూమ్ చేతులు, ఆంప్యూల్ మెడ విరవడానికి మూడుసార్లు జారాయి. తర్వాత ఆసుపత్రిలో రాత్రంతా.

అందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరినీ ఎవరూ అడగలేదు, అంతే. మా షాపులో ముప్పై ఏళ్ల మెషినైనా, షిఫ్టు మారితే, టూల్ మారితే ఫస్ట్ పీస్ కొలవందే రెండో పీస్ కోయనివ్వను. గీత తప్పితే మొహం చూడకుండా తిడతాను. అదే నేను నాలుగేళ్లు మొహం చూసి చట్నీ తిన్నాను. తెలిసిన హోటలు భద్రమని ఇదే చోట ఎన్నిసార్లు రాశానో! అవన్నీ వెనక్కి తీసుకోవాలి.

మంగళవారం కుర్రాడు లోపల్నుంచి తిరిగొచ్చాడు. చట్నీలో లేదట. కానీ చిత్రాన్నానికి బాదామ్ వేయించిన బాణలిలోనే చట్నీకి పోపు పెట్టారట. ఆ రెండో ముక్క నేను అడగలేదు, వాడే చెప్పాడు. నా పక్కనున్న మావాడు జేబులోంచి స్టీలు డబ్బీ తీసి, ఇంటి పుట్నాల పొడితో రెండు ఇడ్లీలు తిన్నాడు. కుర్రాడికి ఇరవై రూపాయలిస్తే, ఎందుకో తెలియక అటూ ఇటూ చూశాడు.

శుక్రవారం మళ్లీ వెళ్లాం. వాడు లేడు, రాత్రి షిఫ్టుకు మార్చారట. బల్ల దగ్గర కొత్త పిల్లాడు.

"చట్నీకి కడ్లే..." అన్నాను.

"ఇల్లా సార్."