అజిదహాకుఁడును వృత్రుఁడును

పారసీకుల అవెస్తాయందు మూఁడు తలలు, ఆఱు కన్నులు గల అజిదహాకుఁడను సర్పాకారుఁడు గలఁడు. వానిని థ్రయేతవోనుఁడు కూల్చెను. త్రితుఁడు త్రిశిరస్కుని వధించిన ఋగ్వేదకథ దీనికి జ్ఞాతి. 'అజి' శబ్దము సంస్కృతమున 'అహి'. అహి యనఁగా వృత్రుఁడే.

క్రీ.శ. 1010 ప్రాంతమున ముగిసిన షాహ్‌నామాలో ఫిరదౌసి యీ సర్పమును జహాకుఁడను రాజునుగా మార్చెను. జాషువ కావ్యమువలన ఫిరదౌసి పేరు తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు; జహాకుని కథ యంతగాఁ దెలియదు. ఇబ్లీసు ముద్దిడిన భుజములనుండి రెండు పాములు మొలచెను. వానికి నిత్యము ఇరువురి మెదళ్ళు ఆహారము. పదునెనమండ్రు కొడుకులలో నొక్కఁడే మిగిలిన కావా యను కమ్మరి తిరుగఁబడెను. ఫరీదూనుఁడు జహాకుని జంపక దమావందు గిరియందు బంధించెను.

ఇరువదవ శతాబ్దమున బహ్రామ్ బైజాయి తన 'అఝ్దహాక్' అను పఠనరూపకమున ఆ రక్కసునిచేతనే వాని వ్యథను జెప్పించెను. పగతునకు నోరిచ్చుట ఆధునికులు కనిపెట్టిన మార్గమని తలఁచుట పొరపాటు. జనగామ జిల్లా బమ్మెర గ్రామముతోఁ బేరు ముడివడిన పోతన భాగవతమును జూడుఁడు. అందు షష్ఠస్కంధము ఏర్చూరి సింగన రచన. విశ్వరూపవధ, వృత్రవధ రెండును అందే యున్నవి. చేతి వజ్రము జాఱి సిగ్గుపడిన యింద్రునితో, మరల నెత్తి పోరాడుమని వృత్రుఁడే చెప్పును, హరిని స్తుతించును. పూర్వజన్మమున వాఁడు చిత్రకేతుఁడు, పార్వతీశాపమున నసురుఁడయ్యెను.

అయినను ఈ రెండు త్రోవలు నొకటి కావు. బాధితుఁడనని రక్కసుఁడు పలికినంతనే శ్రోత కరఁగును. ఆ కరుణలోఁ గావా కోల్పోయిన పదునేడుగురు బిడ్డలు మఱుగుపడు నపాయము గలదు. వృత్రుఁడు జాలి నడుగఁడు, మరణమును దప్పించుకొనఁజూడఁడు. భాగవతము చంపినవానిని గూడ విడువలేదు: బ్రహ్మహత్య తఱుమఁగా నింద్రుఁడు మానససరస్సునఁ దామరతూడులో దాఁగెను. ఓడినవానికి గౌరవము, గెలిచినవానికి దోషవిచారణ — ఈ రెండును గూడినపుడే రాక్షసకథ ధర్మకథ యగును. ఆధునికరచనల విలువ గట్టునపుడు పండితులకు షష్ఠస్కంధము మంచి తూనిక.