తెరపై నెఱ్ఱని యక్షరము

నథానియేల్ హాథారన్ 1850లో ప్రకటించిన ‘ది స్కార్లెట్ లెటర్’ నవలను మా చదువరులలోఁ గొందఱైన నెఱుఁగుదురు. భర్త చెంతలేని కాలమున బిడ్డను గన్నందులకు హెస్టర్ ప్రిన్ ఱొమ్మున నెఱ్ఱని ‘ఎ’ యక్షరమును ధరించి బ్రదుకవలెనని బాస్టను పెద్దలు తీర్పు చెప్పిరి. తప్పునఁ బాలుగల మతబోధకుఁడు డిమ్స్‌డేల్ మాత్ర మేడేండ్లు పెదవి కదపక గౌరవ మనుభవించెను. 1881లో వితంతువివాహమునకుఁ దోడ్పడినవారిని వెలివేసిన రాజమహేంద్రవరము మనదే గదా. ఈ కథ మనకుఁ బరాయిది గాదు.

1995లో రోలండ్ జోఫే దీనిని డెమీ మూర్, గేరీ ఓల్డ్‌మన్‌లతోఁ జలనచిత్రముగాఁ దీసెను. నవలనుండి స్వేచ్ఛగా గ్రహించితిమని తెరమీఁదనే వ్రాసికొనిరి. ఆ స్వేచ్ఛ మితిమీఱినది. నవల యారంభమగునప్పటికే బిడ్డ తల్లిచంక నున్నది. హాథారన్ వర్ణించినది ప్రణయమును గాదు, దాని వెనుక వచ్చిన శిక్షను, మౌనమును. చిత్రమో, ప్రణయమునకే చాల నిడివి వెచ్చించినది. కడపట డిమ్స్‌డేల్ మెడకు ఉరి తగులుకొన్నంతలో ఆదివాసులు పట్టణముపైఁ బడుదురు. అతఁడు ప్రాణము దక్కించుకొని హెస్టరుతో బండియెక్కి వెడలిపోవును. అక్షరము దారిలోని బురదపాలగును.

నవలలో నతఁడు జనులయెదుట నిజమొప్పుకొని మరణించును. హెస్టరు దేశాంతరము పోయియు, ఎవరును రమ్మనకయే తిరిగివచ్చి, ఆ యక్షరమును దానే మరల ధరించును. దుఃఖితలగు స్త్రీలు ఆలోచనకై యామె గుడిసెకు వచ్చుచుందురు. అట్టి స్త్రీని బండియెక్కించి పంపివేసి, ఆమెకు మేలొనర్చితిమనుకొనిరి కాఁబోలు! మాకు మిక్కిలి బాధ కలిగించిన దిదియే. 1926లో లిలియన్ గిష్ నటించిన మూకీచిత్రము సైతము డిమ్స్‌డేలును జావనిచ్చినది.

చిత్రమునకు సుమారయిదుకోట్ల డాలర్లు వ్యయముకాఁగా అమెరికాలో వచ్చినది కోటికిఁ గొంచె మెక్కువ. మఱుసటియేఁట ‘స్ట్రిప్‌టీజ్’ చిత్రమునకు డెమీ మూర్ కోటి యిరువదియైదు లక్షల డాలర్ల వేతనము పుచ్చుకొనెను. అదియు నపహాస్యము పాలయ్యెను. ఆ పిమ్మట నామె తార క్రుంకినదనిరి. కథను మార్చినవా రెవ్వరో జనులు మఱచిరి. నింద మాత్రము నటి ఱొమ్మున నంటించిరి. హాథారన్ చెప్పిన తీర్పు తెరకీవల మరల జరిగినట్లు మాకుఁ దోఁచినది.

2024లో ‘ది సబ్‌స్టన్స్’ అను చిత్రమున, వయస్సు మీఱినదని కొలువునుండి తొలగింపఁబడిన తారగా నామెయే నటించెను. 2025 జనవరిలో, అఱువదిరెండవయేఁట, ఆమెకు గోల్డెన్ గ్లోబ్ బహుమానము లభించినది. ఆ చిత్రమునుగూర్చి మఱియొకమాఱు వ్రాసెదము.