దారిని ఎక్కడినుండి లెక్కించవలెను?

1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజినుండి బయలుదేరు కాలువలను చూడుడు. ఒక శాఖాకాలువ కాగితములో “మూడవ కిలోమీటరు తూము” అని వ్రాసియున్నచో, ఆ దూరము ఆ శాఖ మొదలునుండియే. కాగితము చదువువాడు విజయవాడలో ఉన్నాడా, గుడివాడలో ఉన్నాడా అన్నదానితో పని లేదు. ఇంత మామూలు నియమమును కొన్ని సాఫ్ట్‌వేర్లు పాటింపకపోవుట వింతగా నున్నది.

ప్రోగ్రాము ఎట్లు నడువవలెనో చెప్పు ఫైలును అమరిక ఫైలు అనుకొందము. అది మరియొక అమరిక ఫైలును పిలువవచ్చును. ఆ రెండవ దానిలో “బొమ్మలు” అను ఫోల్డరు పేరు మాత్రమే ఉన్నది. ఏ బొమ్మలు? రెండవ ఫైలు ప్రక్కనున్నవా, మొదటి ఫైలు ప్రక్కనున్నవా, లేక వాడుకరి ప్రోగ్రామును ప్రారంభించినప్పుడు ఉన్న ఫోల్డరులోనివా?

మూడవ పద్ధతి అన్నిటికంటె చెడ్డది. నిన్న నడచినది, వేరొక ఫోల్డరునుండి ప్రారంభించిన మాత్రమున నేడు నడువదు. నడువకున్న మేలే, అక్కడ కూడ “బొమ్మలు” అను ఫోల్డరున్నచో తప్పుడు ఫైలునే చడిచప్పుడు లేక చదువును!

‘గిట్’ మొదటి పద్ధతిని పాటించును: మాట ఏ ఫైలులో ఉన్నదో, లెక్క ఆ ఫైలునుండియే. ‘ఎన్‌జిన్‌ఎక్స్’ ప్రధాన ఫైలున్న ఫోల్డరునుండి లెక్కించును. ఇందులోను ఒక సౌకర్యము లేకపోలేదు. లోపలి ఫైలును ఒకచోటినుండి మరొకచోటికి జరిపినను దానిలోని దారులు చెడవు. కాని ఆ ఫైలును ఇంకొకరికి ఇచ్చినచో అది ఒంటరిగా నిలువలేదు.

‘డాకర్ కంపోజ్’ సంగతి విచిత్రమైనది. పలు ఫైళ్లను ఒకదానిపై ఒకటి కలిపినప్పుడు దారులన్నియు మొదటి ఫైలునుండియే. 2023లో వచ్చిన ‘ఇన్‌క్లూడ్’లో మాత్రము పిలువబడిన ఫైలు సొంత స్థానమునుండి! పై ఫైళ్లు మొదటి దానికి సవరణల తునకలు మాత్రమే, ఏ తునక ఎక్కడిదో గుర్తుంచుకొనుట కష్టము అని వారి సమాధానము. ఇది నిలువదు. ప్రతి ఫైలును చదువుచుండగనే అందలి దారులను పూర్తి దారులుగా మార్చి, పిమ్మట కలిపినచో గుర్తుంచుకొనవలసినది ఏమియు నుండదు.

ఒక్క మినహాయింపు గలదు. వాడుకరి స్వయముగా టెర్మినల్‌లో టైపుచేసిన దారి ఏ ఫైలులోనిదీ కాదు. దానిని మాత్రము అతడున్న ఫోల్డరునుండియే లెక్కింపవలెను.