ఎత్తు వేసేవాడు లేనిదే పైఎత్తు ఎక్కడిది?

డిటెక్టివ్ నవల చదివినవాళ్లకు గుర్తుండిపోయేది యుగంధర్ పేరో, షెర్లాక్ హోమ్స్ పేరో. రాసేవాడికి మాత్రం ముందు దొరకాల్సింది అవతలివాడు. నేరం చేసినవాడు మొద్దయితే, పట్టుకున్నవాడి తెలివికి విలువేముంది? కోనన్ డాయల్‌కు ఈ సంగతి బాగా తెలుసు. హోమ్స్‌ను వదిలించుకోవాలనుకున్నప్పుడు ఏదో ఒక కత్తిపోటుతో పని కానివ్వలేదు. 1893లో అచ్చయిన కథ కోసం మోరియార్టీ అనే లెక్కల ప్రొఫెసర్‌ను ప్రత్యేకంగా పుట్టించాడు.

చిత్రమేమిటంటే, ఆ కథంతా వెతికినా మోరియార్టీ మన ఎదుటికి సరిగా రాడు. వాట్సన్‌కు దూరం నుంచి కనిపించడమే. మిగతాదంతా హోమ్స్ చెబితే విన్నదే. మరి అంత భయం ఎలా పుట్టింది? కథ మొదట్లో హోమ్స్ రాత్రిపూట వాట్సన్ గదిలోకి వస్తాడు. గోడవారగా నడుస్తూ పోయి కిటికీ తలుపులు మూసి గడియ పెడతాడు. ఎయిర్‌గన్ భయమట. ఎవరికీ జంకని మనిషి కిటికీ మూశాడంటే అవతలివాడు ఎంతటివాడో ఇక చెప్పక్కర్లేదు. డాయల్ పెద్ద పెద్ద విశేషణాలూ వాడాడనుకోండి, కానీ పని చేసింది ఆ గడియే.

ఇంకో కిటుకు, నేరస్తుణ్ని పాఠకుడి కళ్లెదుటే తిప్పడం. తనూ డిటెక్టివ్ నవలలు రాసిన రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదర్ 1929లో పెట్టిన పది నియమాల్లో మొదటిదే ఇది. నేరస్తుడు కథ మొదట్లోనే కనిపించాలి, అతడి మనసులోకి మాత్రం మనల్ని పోనివ్వకూడదు. ఆఖరి అధ్యాయంలో ఎక్కణ్నుంచో దిగిన పెదనాన్న కొడుకు హంతకుడని తేలితే, పుస్తకం డబ్బులు వెనక్కి ఇమ్మనాలనిపించదా!

తెలుగులో ఈ ఆటను నిలబెట్టినవాడు కొమ్మూరి సాంబశివరావు. 1950ల చివర నుంచి ఆయన రాసిన యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలూడేదాకా చేతులు మారాయి. డిటెక్టివ్ మద్రాసువాడు, అసిస్టెంట్ పేరు రాజు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కూర్చుని చదివేవాడికి ఆ మద్రాసు కూడా లండన్ అంత దూరమే. అయినా పేజీ తిప్పించింది ఊరు కాదు, చిక్కుముడి. తర్వాత మధుబాబు షాడో వచ్చాక చిక్కుముడి కన్నా వేగం ముఖ్యమైంది. షాడో సీక్రెట్ ఏజెంట్ కాబట్టి ఎదుటివాడికీ బలగం, ఆయుధాలు కావాల్సి వచ్చాయి. అది వేరే రుచి, నాకూ ఇష్టమే. కానీ ముఠా పెరిగినకొద్దీ నేరస్తుడి బుర్ర చిన్నదవుతూ వచ్చిందని నా అభిప్రాయం.

నిజానికి దొంగ తెలివిని చూపించే విద్య మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పింది కాదు. సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే ఘట్టం చూడండి. గోడను తడిమి చూస్తాడు, నీళ్లు పడి నానిన చోటు ఎక్కడుందో వెతుకుతాడు. కన్నం తామరపువ్వులా ఉండాలా, నెలవంకలా ఉండాలా, పూర్ణకుంభంలా ఉండాలా అని తర్కించుకుంటాడు. పొద్దున్నే జనం వచ్చి చూస్తారు కదా, పనితనం మెచ్చుకోవద్దూ! కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. పదమూడో శతాబ్దంలో కేతన తెనిగించిన దశకుమారచరిత్రలో అపహారవర్మ కూడా ఈ కోవవాడే. చోరశాస్త్రం చదువుకున్న రాజకుమారుడు, పిసినారుల సొత్తే అతడి గురి.

పిసినారుల సొత్తు అనగానే పాలమూరువాళ్లకు పండుగ సాయన్న గుర్తుకు రావాలి. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచిన ఆ మనిషి కథను అక్కడ ఇప్పటికీ పాటగా పాడుతున్నారు. వినేవాళ్లంతా దొంగ పక్షమే. డిటెక్టివ్ నవలకు ఇలాంటి చోట పెద్ద ఇబ్బంది ఉంది. అపరాధ పరిశోధకుడు నిలబెట్టేది చట్టాన్ని. ఆ చట్టమే దొర ఇంటి గుమాస్తాగా ఉన్న రోజుల్లో జనం ఎవరి గెలుపు కోరుకుంటారు?

అసలు తెలివైన నేరస్తుడు ఈ నేల మీద ఎలా ఉండేవాడో నల్లగొండ జిల్లా బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి చూపించాడు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. ఆయన ‘ప్రజల మనిషి’ డిటెక్టివ్ నవల కాదు. అయినా అందులో దొర రామభూపాలరావును చూస్తే మోరియార్టీకి తమ్ముడనిపిస్తాడు. భూమి కాజేసింది ఎవరో ఊరందరికీ తెలుసు, రుజువు చేయగలిగినవాడే లేడు. క్లాసిక్ డిటెక్టివ్ కథను బోర్లించినట్టే ఉంటుంది. హంతకుడెవరన్న ప్రశ్నే లేదు. పట్టుకోవాల్సిన అధికారి అతడి గడీలోనే అతిథి.

అందుకే మన ప్రాంతంలో ఇంకా రాయని ఒక డిటెక్టివ్ నవల ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందులో శవం ఉండనక్కర్లేదు. ఆధారమంతా 1954-55 నాటి భూమి దస్త్రం ఖాస్రా పహాణీలో ఉంటుంది. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా తిరిగి తిరిగి ఆ దస్త్రం దగ్గరికే వస్తుంది. పట్టాదారు గడిలో ఒక పేరు, కాస్తు గడిలో ఇంకో పేరు. తర్వాతి ఏళ్ల పహాణీలు వరసగా పరిస్తే, ఏదో ఒక సంవత్సరం కాస్తు చేసేవాడి పేరు చడీచప్పుడు లేకుండా మాయమై ఉంటుంది. ఆ ఏడు ఊళ్లో ఎవరు చచ్చిపోయారు, ఎవరు బొంబాయి వలసపోయారు, రాసిన చేతిరాత ఎవరిది? నేరస్తుడు మొదటి పేజీ నుంచే మన ముందు తిరుగుతుంటాడు, వచ్చినవాళ్లకు చాయ్ పోయిస్తూ, కుర్చీ వేయిస్తూ, కావాల్సిన నకలు తనే తీసి ఇస్తూ.